ముసలిదానికి ఏ నూనె

పుట్టింటివాళ్లు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద చీర పెడతారు. కలిగినవాళ్లయితే ఎకరమో అరెకరమో రాసిస్తారు. ఎమ్మిగనూరు మహాదేవమ్మకు మాత్రం బస్సు వచ్చింది.

ఆదోనిలో ఉండిన ఆమె అన్నకు పిల్లలు లేరు. పోయేముందు ఆయన తన ఒకే ఒక్క బస్సును, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య దాన్ని తిప్పుకునే పర్మిట్టునూ చెల్లెలి పేర రాయించి, ఇక నాకు దిగులు లేదన్నాడు. దిగులంతా చెల్లెలి పేర రాసేశాక ఆయనకు మిగలకపోవడంలో వింత లేదు. అది యుద్ధానికి ముందటి బస్సు. పెట్రోలు దొరకని రోజుల్లో వీపున బొగ్గుల పొయ్యి కట్టుకుని, దాని గ్యాసుతో తిరిగింది. పొయ్యి పీకేసి పదేళ్లయినా దానికి దగ్గు మాత్రం పోలేదు. మహాదేవమ్మ మొగుడు వీరేశం మొదటిరోజే దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి "మీ పుట్టింటి ముసలిది" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. టికెట్టు కొనేవాళ్లు కూడా ముసలిది వచ్చిందా, ముసలిది పోయిందా అని అడిగేవారు.

వీరేశం మగ్గం మనిషి. కాళ్లు గుంటలో, చూపు పడుగు మీద, మాట ఎప్పుడో ఒకటి. మగవాడికి సవతి ఉండదు గానీ, ఉంటే ఇంటి ముందు ఆగిన ఆ బస్సును చూసినట్టే చూసేవాడు. పర్మిట్టు పోయిన మరుసటి రోజు ముసలిదాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసి, ఇంకో రెండు మగ్గాలు దింపుతానని ఎప్పటినుంచో అంటున్నాడు. మూడు మగ్గాలు ఆడితే మూడు మగ్గాలకూ నూలు కండెలు చుట్టాల్సింది మహాదేవమ్మే.

ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు నడుము నొప్పి వచ్చేది. పన్నెండో ఏట కాపురానికి వచ్చింది మొదలు ఇరవై మూడేళ్లు రాట్నం ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న ఒకే ఒక గోడను చూస్తూ కండెలు చుట్టింది. బస్సు వచ్చాక ఆ పని పక్కింటి సిద్దమ్మకు అప్పగించి, తాను చీరల మూటలు వేయించుకుని డ్రైవరు పక్క సీటులో ఆదోనికి పోయి రావడం మొదలుపెట్టింది. కోటేకల్లు గుట్టలు, జొన్న చేలు, ఎదురొచ్చే పత్తి బండ్లు, బండి మీద నిద్రపోయే రైతులు. రోజూ చూసేవే అయినా అవి గోడ కాదు కదా. ఆ సీటు పోతే తన ప్రాణంలో సగం పోయినట్టేనని ఆమెకు తెలుసు. ఆ మాట వీరేశంతో మాత్రం అనలేదు.

కర్నూలు రాజధాని అయ్యాక ఆఫీసర్లకు చూపు పెరిగింది. ఒక బుధవారం ఆదోనిలో బండ్లు తనిఖీ చేసే ఇనస్పెక్టరు ముసలిదాని వెనక నిలబడి, అది వదిలిన నీలం పొగలో కాసేపు కనబడకుండా పోయాడు. బయటికి వచ్చి కళ్లు తుడుచుకుని, మళ్లీ గురువారం, అంటే ఎనిమిది రోజులకు, ఆదోనిలో ఆఫీసర్లు దిగే బంగళా ముందుకు తీసుకురమ్మన్నాడు. అప్పటికీ పొగ ఇట్లాగే ఉంటే సర్టిఫికెట్టు ఇవ్వననీ, పర్మిట్టు ఇంకొకరికి పోతుందనీ చెప్పాడు. ఆ ఇంకొకరు అక్కడే ఉన్నాడు. జయన్న. కొత్త బస్సు కొని, రూటు కోసం కాచుకుని కూర్చున్నవాడు. వక్కాకు నములుతూ మహాదేవమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"మా వీధిలో దోమలు జాస్తి అయినాయక్కా. పొద్దుమునిగేటప్పుడు నీ బస్సును ఒగ సుట్టు తిప్పించరాదూ."

మహాదేవమ్మ నవ్వింది. నవ్వకపోతే ఏడ్చేదే.

పొగకు మందు ఏమిటని అడిగితే ఇద్దరు వైద్యులు సిద్ధంగా ఉన్నారు. ఒకడు డ్రైవరు హుసేనప్ప. ఆమె అన్న కాలం నుంచి ముసలిదాన్ని నడుపుతున్నవాడు. రెండోవాడు ఆదోని స్టేషను దగ్గర రేకుల షెడ్డులో మెకానిక్కు ఆదెప్ప. మధ్యాహ్నం బస్సు ఆగేది ఆ షెడ్డు ముందే. ఈ ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. ఒక స్పానరును ఎవరు పోగొట్టారన్నది తేలకపోవడంతో మొదలైన తగవు, తర్వాత ముసలిదాని కడుపులో పోయాల్సిన నూనె మీదికి వచ్చి అక్కడ స్థిరపడింది. పక్కపక్కన నిలబడి కూడా ఒకరి మాట ఒకరికి మహాదేవమ్మ చేత చెప్పించేవారు.

హుసేనప్ప లెక్క తేలిక. పాత ఇంజనుకు లోపలంతా అరిగి సందులు పడి ఉంటాయి, ఆ సందులు పూడాలంటే చిక్కటి నూనె కావాలి. "ముసిలోళ్లకు పల్చటి గంజి తాపితే కాళ్లు నిలుస్తాయా అక్కా? సంగటి పడాల. యాభై నంబరు నూనె, దాండ్లో ఇంత ఆముదం. సూడు మల్ల, పొగ యాడికి పోతాదో."

ఆదెప్ప లెక్క దానికి తలకిందులు. ఇప్పుడు కొత్తరకం నూనె వచ్చింది, పల్చగా ఉంటుంది, పోతూ పోతూ లోపలి మసిని కడుక్కుంటూ పోతుంది, అదే పోయాలి అన్నాడు. "మీ డ్రైవరు పోసేది నూనె కాదమ్మా, తారు. పదైదేండ్ల మసి పేరుకోని ఉంది లోపల."

ఈ మాట మహాదేవమ్మ మోసుకుపోయి చెబితే, ఆ మసే ముసలిదాని కండరాలనీ, కడిగేస్తే మిగిలేది ఎముకలేననీ హుసేనప్ప జవాబు పంపాడు. ఇద్దరూ చివరికి ఒకే బెదిరింపు దగ్గర కలిశారు. వాడి నూనె పోస్తే నేను బండి ముట్టను. డ్రైవరు లేకపోతే బండి కదలదు. మెకానిక్కు లేకపోతే కదిలిన బండి ఆగిన చోటే ఉంటుంది. మహాదేవమ్మ ఏ నూనెకూ ఒప్పుకోకుండా ఇంటికి వచ్చింది.

అసలు ఇప్పుడు లోపల ఏ నూనె ఎంత ఉందో చూద్దామని ఆమె మర్నాడు తెల్లారగానే ఇంజను మూత ఎత్తింది. నూనె కొలిచే సన్నటి కమ్మీ ఒకటి ఉంటుంది. దానికి కింద ఒక గీత, పైన ఒక గీత. నూనె తడి ఆ రెండింటి మధ్యన ఉండాలని అన్న ఎప్పుడో చెప్పాడు. కమ్మీ తీసి చూస్తే తడి పై గీతను దాటి బెత్తెడు పైకి పోయి ఉంది. ఆమె తడి ఉన్నచోట ఎర్ర దారం కట్టి, కమ్మీని మళ్లీ దించి, ఏమీ ఎరగనట్టు వాకిలి ఊడ్చుకుంది. హుసేనప్ప వచ్చి, బండి తుడిచి, మొహం కడుక్కోవడానికి పోయినప్పుడు మళ్లీ తీసింది. తడి ఎర్ర దారం దాటి వేలెడు పైకి ఎక్కింది.

ఆదోని చేరి, ఇంజను చల్లారాక, హుసేనప్ప అన్నానికి పోయే ముందు ఆమె తడి దగ్గర ఇంకో దారం కట్టింది. ఈసారి పచ్చది. కాసేపు పత్తి మార్కెట్టు దాకా పోయి వచ్చేసరికి తడి పచ్చ దారాన్నీ దాటింది. ఆదెప్ప షెడ్డులో ఇటు వీపు పెట్టి చాలా శ్రద్ధగా ఒక నట్టు తుడుస్తున్నాడు.

మూడు రోజులు ఇదే వరస. బండ్లు తిరిగితే నూనె తరుగుతుంది గానీ పెరగదు. ఇది పొదుగు కాదు చేపడానికి. పొద్దున హుసేనప్ప దొంగగా ఒక గిద్ద యాభై నంబరూ ఆముదమూ పోస్తున్నాడు. మధ్యాహ్నం ఆదెప్ప దొంగగా ఒక గిద్ద కొత్త నూనె పోస్తున్నాడు. తన నూనె వల్లే పొగ తగ్గిందని రేపు అనిపించుకోవాలని ఇద్దరి ఆశ. ముసలిది మాత్రం రెండు ఇళ్ల విందు ఒకే పూట తిన్నదానిలాగా ఊపిరాడక పొగ కక్కుతోంది. మహాదేవమ్మకు కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది. ఆ నవ్వులోంచే ఉపాయం కూడా వచ్చింది.

సోమవారం ఆమె ఆదోనిలో నూనెల అంగడి పెట్టుకున్న ఆంజనేయ దగ్గరికి పోయింది. కమ్మీ పై గీత దాటితే ఏమవుతుందని ముందు అడిగింది. లోపల తిరిగే ఇనుము నూనెను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుందనీ, అది నురుగై పైకి ఎగిరి కాలుతుందనీ, అదే నీలం పొగ అనీ అతను చెప్పాడు. మరి ఏ నూనె పోయాలి అంటే వెంటనే బొమ్మల డబ్బా ఒకటి ముందుకు జరిపాడు. కడిగే నూనె. ఆదెప్ప మెచ్చినదే. ఇదే మంచిదా అంటే ఇదే మంచిది అన్నాడు. పదిహేనేళ్లు మసి పేరుకున్న ఇంజనులో పోసినా మంచిదేనా అని అడిగేసరికి అతని గొంతు తగ్గింది. మసి ఒక్కసారిగా ఊడి వస్తే నూనె పారే దారులు మూసుకుపోవచ్చనీ, ముందు ఇంజను విప్పి కడుక్కుని పోసుకుంటే దానికి సాటి లేదనీ ఒప్పుకున్నాడు. విప్పడానికి నెల పడుతుంది. ఉన్నవి మూడు రోజులు.

ఆమె మూడు చిన్న సీసాల్లో మూడు రకాలూ నమూనాకు పోయించుకుంది. యాభై నంబరు, ఆదెప్ప మెచ్చిన కడిగే ముప్పై నంబరు, ఇంకా ఎవరూ పేరెత్తని మామూలు నలభై. నూనె వడగట్టే ఫిల్టరు కూడా మార్చాలంటే ఆంజనేయ చేతులెత్తేశాడు. అంత పాత బండికి సరిపడే ఫిల్టరు మద్రాసు నుంచి రావాలి, వస్తే.

ఇంటికి వచ్చి కుంపటి రాజేసింది. గంజి బాగా కాగిందో లేదో తెలుసుకోవడానికి సాలెవాళ్లు చేసే పని ఒకటి ఉంది. దారప్పోగును గంజిలో ముంచి మేకుకు వేలాడదీస్తారు. గంజి పోగంతా సమంగా పట్టుకుని నిలిస్తే పాకం కుదిరినట్టు. మహాదేవమ్మ మూడు నూనెలనూ మూడు గిన్నెల్లో వేడి చేసింది. ఇంజను నడిచేటప్పుడు నూనె వేడిగానే ఉంటుంది కదా, చల్లటి నూనెను వేళ్లతో నలిపి చూసి మురిసిపోతే ఏం లాభం అనుకుంది. మూడు పోగులు ముంచి వేలాడదీసింది. కడిగే నూనె సరసరా జారిపోయి పోగును బోడిగా వదిలింది. యాభై నంబరు వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంది గానీ, చల్లారాక అక్కడక్కడా ముద్దగా నిలబడిపోయింది. పొద్దున్నే చల్లటి ఇంజనులో అది పైదాకా ఎక్కేలోగా ఇనుము ఇనుమును తింటుంది. నలభై మాత్రం పోగు పొడుగునా పలచటి తొడుగులాగా నిలిచింది.

మగ్గం గుంటలోంచి వీరేశం చూస్తూనే ఉన్నాడు. "పడుగుకు నూనె గంజి పెడతాండావా?" అని అడిగాడు. ఆ నెలలో ఆయన వేసిన పెద్ద ప్రశ్న అదే.

మంగళవారం బస్సు ఆపించింది. హుసేనప్పతో పాత నూనెంతా తీయించింది. రెండు బొక్కెన్లు నిండి, మూడోది తేవలసి వచ్చింది. ఇంత ఎట్లా పట్టింది అని ఆమె అమాయకంగా అడిగితే అతను బండి కిందికి ఇంకాస్త దూరాడు. ఆ తర్వాత ఫిల్టరు విప్పమంది. అది ఇంజను పక్కన ఉండే చెంబంత డబ్బా. నూనె దాని గుండా పోతూ మురికిని అక్కడ వదిలేసి రావాలి. హుసేనప్ప ఎందుకో వద్దక్కా వద్దక్కా అన్నాడు. మూత తీస్తే లోపల నూనె లేదు, మురికి లేదు, బూడిద రంగు ముద్ద ఒకటి రాయిలాగా కూర్చుని ఉంది. మహాదేవమ్మ గోటితో గీరి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు పన్నెండో ఏటి నుంచి తెలుసు. జొన్న గంజి.

అసలు ఫిల్టరు ఎప్పుడో చెడిపోతే, హుసేనప్ప ఆమె ఇంటి వాకిట్లో పడి ఉన్న దారప్పోగులను ఏరి కుక్కేశాడట. తెల్లగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, నూలే కదా అనుకున్నాడు. అవి గంజి పెట్టిన పడుగు నుంచి తెగిపడినవని అతనికి తోచలేదు. ఇంజను ఆవిరికి గంజి కరిగి, వేడికి ఎండి, గోడ కట్టుకుంది. రెండేళ్లుగా నూనె ఆ గడప తొక్కలేదు.

"సంగటి పెట్టాల అంటివే, పెట్టినావులే" అంది మహాదేవమ్మ. హుసేనప్ప ఆ ముద్దను గోళ్లతో పెకలించడం మొదలుపెట్టాడు.

అతన్ని అన్నానికి పంపించి ఆమె రాట్నం ముందు కూర్చుంది. గంజి తగలని పచ్చి నూలు తీసి, చాకలి సోడాలో ఉడికించి పొద్దున్నే ఎండేసి ఉంచింది. దాన్ని ఒక బొంగు మీద, పోగు మీద పోగు ఏటవాలుగా అల్లుకునేలా బిగించి చుట్టింది. చెంబంత కండె. ఆమె జన్మలో అంత లావు కండె చుట్టలేదు, అంత ఇష్టంగానూ చుట్టలేదు. వీరేశం పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. రెండు మగ్గాలు దింపకుండానే భార్య తనంతట తాను రాట్నం దగ్గరికి వచ్చిందని సంతోషించాడు పాపం.

కండె డబ్బాలో దూరింది. పొద్దున్నే ఊళ్లో అంగడిలో కొని దాచిన నలభై నంబరు నూనె పై గీతకు ఒక్క వెంట్రుక కింద ఆగేదాకా ఆమే పోసింది. హుసేనప్ప తిరిగి వచ్చాక పక్కకు పిలిచి, నీ యాభై నంబరే పోసినాను, ఆదెప్పకు మాత్రం తెలియనీయవద్దు, తెలిస్తే అతను అలిగి బండి ముట్టడు, నువ్వు ఇంక చుక్క కూడా పోసినా నూనె పెరిగి వాడు కనిపెడతాడు, అని గుసగుసగా చెప్పింది. హుసేనప్ప కమ్మీ తీసి, చుక్కను బొటనవేలితో నలిపి, కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ నూనంటే. పట్టుకుంటేనే తెలుస్తాదక్కా యాభై అని."

బుధవారం ఆదోనిలో ఆదెప్పకూ అదే గుసగుస అందింది. నీ కడిగే నూనే పోసినాను, హుసేనప్పకు చెప్పవద్దు, చుక్క కూడా కలపవద్దు. ఆదెప్ప చుక్కను ఎండలో పెట్టి చూసి, రంగులోనే తేడా ఉందన్నాడు. లోపల కడుగుతున్న చప్పుడు తనకు వినిపిస్తోందని కూడా అన్నాడు.

గురువారం బంగళా ముందు ముసలిది ఆగింది. హుసేనప్ప స్టీరింగు దగ్గర. ఆదెప్ప తన నూనె గెలుపు చూసుకోవడానికి షెడ్డు మూసి వచ్చాడు. జయన్న కూడా వచ్చాడు, కొత్త బస్సును నీడలో నిలిపి. ఇనస్పెక్టరు ఇంజను స్టార్టు చేయించి, గట్టిగా తొక్కమని, తన తెల్ల చేతిరుమాలును పొగగొట్టం ముందు పట్టుకున్నాడు. మహాదేవమ్మ కొంగు పిడికిట్లో బిగించింది. చాలాసేపు పట్టుకున్నాడాయన. తీసి చూస్తే రుమాలు మీద కాస్త బూడిద నీడ, అంతే. జయన్న వక్కాకు నమలడం ఆపేశాడు.

ఇనస్పెక్టరు కాగితం తీసి, పెన్ను మూత తిప్పి, ఇంత పాత బండికి ఏ నూనె పోశారని ఊరికే అడిగాడు. ఆయన అడిగింది హుసేనప్పను. యాభై నంబరు అని హుసేనప్ప, కడిగే ముప్పై అని ఆదెప్ప, రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. మూడేళ్లలో మొదటిసారి వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు నేరుగా చూసుకున్నారు.

పెన్ను ఆగిపోయింది. "ఇదేంటమ్మా" అన్నాడు ఇనస్పెక్టరు. ఏదో మాయచేసి ఒక్క పూటకు పొగ ఆపారేమోనన్న అనుమానం ఆయన కనుబొమల్లో కనబడింది. జయన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

మహాదేవమ్మ కళ్ల ముందు ఒక్క క్షణం ఆ గోడ వచ్చి నిలబడింది, పెచ్చులతో సహా.

"సెప్తాను సారూ. ముందు సంతకం పెట్టండి."

"ఎందుకు?"

"నేను సెప్పినాంక ఈళ్లిద్దరూ కొట్టుకుంటారు. మీరు సాక్షికి కోర్టుకు రావల్సి వస్తాది. కాగితం రాసేకి మీకు తీరిక ఉండదు." తర్వాత నెమ్మదిగా, "మాయ ఏమీ లేదు సారూ. కావాలంటే కోటేకల్లు దాకా మీరే ఎక్కి రండి. నూనె సరైందే. ఈళ్లు సెప్పేదే సరైంది కాదు" అంది.

ఇనస్పెక్టరు బండి ఎక్కలేదు గానీ, మరోసారి స్టార్టు చేయించి, కమ్మీ స్వయంగా తీసి, గీతల మధ్య తడి చూశాడు. కమ్మీకి వేలాడుతున్న ఎర్ర దారమూ పచ్చ దారమూ చూసి ఇవేమిటన్నట్టు ఆమె వైపు చూశాడు. మిగతా ఇద్దరి వైపు కూడా చూశాడు. ఆ ఇద్దరూ ఒక్కసారిగా నేల చూపులు చూడడంతో ఆయనకు సగం కథ అర్థమైంది. సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితం ఆమె చేతికిచ్చాక, ఇప్పుడు చెప్పమని చేతులు కట్టుకున్నాడు.

మహాదేవమ్మ చెప్పింది. దారాలు, గిద్దలు, మూడో బొక్కెన, కుంపటి మీద గిన్నెలు, నలభై నంబరు, చెంబంత కండె. గంజి ముద్ద సంగతి మాత్రం చెప్పలేదు. అది హుసేనప్ప ఇంటి పరువు. ఇనస్పెక్టరు నవ్వీ నవ్వీ, పొగ అంటిన రుమాలుతోనే మొహం తుడుచుకుని మూతి నల్లగా చేసుకున్నాడు.

హుసేనప్ప స్టీరింగు వదిలి బస్సు దిగాడు. తర్వాత మహాదేవమ్మతో కాకుండా పక్కకు తిరిగి అన్నాడు.

"ఇన్నావా ఆదెప్పా?"

"ఇంటినిలే. మనల్ని ఇద్దర్నీ నమ్మించింది సూడు."

"నా యేళ్లతోనే నలిపించిందప్పా నూనె."

"నాకైతే కడిగే సప్పుడు గూడా ఇనిపించె."

అట్లా మాట్లాడుకుంటూ ఇద్దరూ టీ అంగడి వైపు నడిచిపోయారు. మూడేళ్ల మాటలు బాకీ ఉన్నాయి కాబట్టి ఒక టీతో తేలలేదు. ఆ రోజు ముసలిది ఆదోనిలో బయలుదేరడం ముప్పావుగంట ఆలస్యమైంది. ప్రయాణికులు మహాదేవమ్మను తిట్టుకున్నారు. ఆమె కాగితాన్ని రవికెలో దాచుకుని, ఇట్లాంటి తిట్లు ఎన్నైనా పడతానన్నట్టు కూర్చుంది.

ఆ వారమే ఆమె నూనె పోసే మూతకు చిన్న గొళ్లెం పెట్టించి తాళం వేసింది. గొళ్లెం బిగించింది ఆదెప్ప, పట్టుకుని నిలబడింది హుసేనప్ప. బిగిస్తున్నంతసేపు ఇద్దరూ ఒక్క గొంతుతో సణిగారు, ఆడోళ్ల చేతికి బండి పోతే ఇట్లాగే ఉంటుందని. తాళంచెవి మహాదేవమ్మ నడుముకు చేరింది. పదిహేను రోజులు గడిచేసరికి టైర్లలో గాలి ఎంత కొట్టాలన్న మాట లేచింది. ఈసారి హుసేనప్పా ఆదెప్పా ఒకే పక్షం. ఇద్దరూ కలిసి ఆమె మీదికి వచ్చారు, వేళ్లు చూపిస్తూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ. మహాదేవమ్మ ఓపిగ్గా విన్నది. మీరిద్దరూ చెప్పినట్టే చేస్తానంది. ఆ మాట విన్న తర్వాత వాళ్లిద్దరికీ వారం దాకా సరిగ్గా నిద్ర పట్టలేదు.